ఈ బెంచీ మీదే కూర్చున్నారు

మా వీధి క్లెమెన్స్‌కి ఒకే ఒక్క జబ్బు. దారిలో బెంచీ కనిపిస్తే చాలు, దాని మీద పోపుగారిని కూర్చోబెట్టేవాడు.

"ఆగండాగండి! టోపీలు తియ్యండి! ఈ బెంచీ మీదే కూర్చున్నారు!" అని గొడుగు పైకెత్తేవాడు. వెనకాల వస్తున్న నలభై మందిమీ గొర్రెల మందలాగా ఒకరి మీద ఒకరం పడి ఆగిపోయేవాళ్ళం.

పోపుగారంటే ఎవరో పరాయివారు కాదు. మా నేల మీద పుట్టి, రోముకి వెళ్ళి తెల్ల అంగీ తొడుక్కున్న మా మనిషి. పుట్టిన ఊరు వడొవిట్సె, చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని తిరిగిన కల్వారియా కొండలు, చదువుకుని బిషప్పయిన క్రాకుఫ్ పట్నం, ఈ మూడూ కలిపి ఏటా మే నెలలో ఆయన పుట్టినరోజు వారానికి మా చర్చివాళ్ళం బస్సు వేసుకుని తిరిగి వచ్చేవాళ్ళం. పేరుకి యాత్రకి పెద్ద, మా చర్చి ఫాదర్ బార్టొష్. దారి చూపేది, నోరు మూయించేది, ఆపేది, కదిలించేది అంతా క్లెమెన్స్.

వడొవిట్సె చర్చి ముందు బెంచీ అంటే సరే, నమ్మవచ్చు. ఊరివాడు, ఎప్పుడో కూర్చునే ఉంటారు. క్లెమెన్స్ అక్కడితో ఆగితేనా! పెట్రోలు బంకు పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. బస్టాండులో కూర్చోబెట్టాడు. ఒక ఏడాది ఏకంగా బీరు దుకాణం ముందు, నురగలు కక్కుతున్న గ్లాసు బొమ్మ వేసి ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"ఇక్కడ ఏం చేస్తున్నారయ్యా ఆయన?" అని అడిగింది హిల్డా. హిల్డా మా పక్కింటిది. బస్సు మా వీధి దాటకముందే ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకునే మనిషి.

"ఆలోచిస్తున్నారు."

"దేని గురించి?"

"పోపుగారిని పట్టుకుని దేని గురించి ఆలోచిస్తున్నారని అడుగుతారుటండీ? మర్యాద ఉండొద్దూ?"

ఫాదర్ బార్టొష్ చిన్నవాడు, పెద్ద చదువులు చదివినవాడు. చెవులు ఎర్రబడేవి ఆయనకి. "క్లెమెన్స్ గారూ, ఈ సంగతి ఏ పుస్తకంలో ఉందండీ?" అనేవాడు మెల్లిగా.

"పుస్తకాలు రాసినవాళ్ళు కూర్చుని రాశారు ఫాదర్. వాళ్ళేమన్నా ఆయన వెంట నడిచారా?"

ఒక ఏడాది హిల్డా లెక్కపెట్టింది. రెండు రోజుల్లో ముప్ఫై ఒక్క బెంచీలు. "ఇన్ని చోట్ల కూర్చుంటే ఆ మహానుభావుడు రోముకి ఎప్పుడు చేరాడయ్యా?" అని నిలదీసింది.

"అందుకేగా పోపయ్యేసరికి యాభై ఎనిమిదేళ్ళు పట్టింది!" అన్నాడు క్లెమెన్స్, కన్నయినా ఆర్పకుండా.

ఈ ఆగే బుద్ధి ఆయనకి ఉద్యోగం నుంచి వచ్చిందని మా వీధివాళ్ళ నమ్మకం. ముప్ఫై ఒక్కేళ్ళు ట్రామ్ నడిపాడు. స్టాపు మా కిటికీ కిందే. మా బొగ్గు ఊళ్ళో, మా ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలో, ప్రతి ఆడదానికీ ఒక కిటికీ, ఆ కిటికీ గట్టు మీద మోచేతులకి ఒక దిండు ఉంటాయి. వీధిలో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయిన దిండు నాదే. చదివింది ప్రాథమిక బడే అయినా ఈ వీధిని మాత్రం పై చదువుల దాకా చదివాను. ఎవరింట్లో పులిసిన పిండి చారు మాడిందో, ఎవరి అల్లుడు వెనక గుమ్మం నుంచి వచ్చాడో, ఎవరు కొత్త తెరలు కట్టి పాత తెరలు ఎక్కడ దాచారో, అన్నీ నాకు తెలుసు.

ఆ కిటికీలోంచే రోజూ ఈ వేడుక చూసేదాన్ని. పొద్దున ట్రామ్ వచ్చి ఆగుతుంది. జనం ఎక్కుతారు. ఇక కదలాలి కదా? కదలదు. క్లెమెన్స్ ఇనప కడ్డీ ఒకటి పట్టుకుని దిగుతాడు. పట్టాలు మార్చేందుకు ట్రామ్ నడిపేవాళ్ళ దగ్గర ఉండే కడ్డీ అది. పట్టాలు మారే చోటు మా వీధి చివర, స్టాపు దగ్గర కాదు. అయినా ఈయన నేరుగా ఉన్న పట్టాని కడ్డీతో పొడుస్తూ, వంగి చూస్తూ, తల పంకిస్తూ నిలబడేవాడు.

"ఏం పొడుస్తున్నావయ్యా, పాములున్నాయా అందులో?" అని లోపలి జనం అరిచేవాళ్ళు.

"మంచు పట్టిందండీ!" అనేవాడు. జూలై నెలలో.

నేను దిండు మీద వాలి కడుపుబ్బ నవ్వుకునేదాన్ని. మావారు ఎర్విన్ అప్పుడే వీధి మలుపు తిరిగి, మెల్లగా వచ్చి, ఆ ట్రామే ఎక్కి గనికి పోయేవాడు. అతను ఎక్కగానే పట్టా బాగుపడేది. ఈ రెండిటినీ రోజూ చూశాను, ఏళ్ళ తరబడి చూశాను. కలిపి మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

ఎర్విన్ గురించి చెప్పాలి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఒకప్పుడు గనిలో కప్పు కూలి, ఇద్దరు తోటివాళ్ళతో రెండు రోజులు చీకట్లో ఉండిపోయాడు. బతికి బయటపడితే ఏటా కల్వారియా దారి మొదటి మందిరం నుంచి చివరి మందిరం దాకా నడుస్తానని ఆ చీకట్లో మొక్కుకున్నాడు. మా వీధి గనివాళ్ళ మొక్కుకి ఒక పద్ధతి ఉంది. నడక మొదలుపెట్టాక మోకరిల్లవచ్చు, నిలబడవచ్చు, అలుపు తీర్చుకోవడానికి కూర్చోకూడదు. కూర్చుంటే మొక్కు చెల్లదు. మళ్ళీ ఏడాది తిరిగి రావాల్సిందే. కల్వారియా దారి అంటే ఏదో చర్చి చుట్టూ ప్రదక్షిణం కాదు. కొండలెక్కాలి, అడవి దిగాలి, వాగు దాటాలి, మళ్ళీ కొండ. దారి పొడుగునా చిన్న చిన్న మందిరాలు. మోకాళ్ళు బాగున్నవాళ్ళకే సగం రోజు పడుతుంది.

అంత పట్టుదల మనిషీ క్లెమెన్స్ బెంచీల దగ్గర మాత్రం కూర్చునేవాడు. ముందు చెక్కని ముద్దు పెట్టుకుని మరీ కూర్చునేవాడు.

"మరి నీ మొక్కో?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"ఇది కూర్చోవడం కాదే ముసలీ, భక్తి" అన్నాడు.

గని పని నుంచి దిగిపోయాక ఎర్విన్‌కి దగ్గు ఉండేది. సిగరెట్ల దగ్గు అనేవాడు. సిగరెట్లు మానేసి అప్పటికి పదకొండేళ్ళు. నమ్మాను. వీధిలో నడుస్తూ దుకాణాల అద్దాల ముందు ఆగి లోపలికి చూస్తుండేవాడు. అందులో ఒకటి ఆడవాళ్ళ లోదుస్తుల దుకాణం. ఆ ముందు అయిదేసి నిమిషాలు నిలబడేవాడు. "ఈ వయసులో సిగ్గులేదా?" అని ఇంట్లో యుద్ధం చేశాను. తలొంచుకుని నవ్వాడు. పక్కింటివాళ్ళ కుక్క కుంటుతుంటే ఏ కాలో చెప్పగలిగినదాన్ని, నా పక్కన పడుకునే మనిషి ఊపిరి మాత్రం వినలేదు.

ఆ ఏడాది యాత్ర మామూలుగానే మొదలయింది. వడొవిట్సెలో పోపుగారి ఇల్లు చూశాం, క్రీము కేకులు తిన్నాం. హిల్డా మూడు తింది, "ఒకటి తండ్రి పేర, ఒకటి కుమారుని పేర, ఒకటి పరిశుద్ధాత్మ పేర" అని. మర్నాడు పొద్దున కల్వారియాలో నడక. ఆ ఏడు క్లెమెన్స్ ఇంకా రెచ్చిపోయాడు. ప్రతి రెండు వందల అడుగులకీ గొడుగు లేస్తోంది.

"ఈ బెంచీ మీదే కూర్చున్నారు! వాళ్ళ నాన్నగారితో!"

"ఈ దుంగ మీదే కూర్చున్నారు! చెప్పులో రాయి పడితే!"

"దుంగ మీద కూడానా?" అన్నాడు ఫాదర్ బార్టొష్ ఏడుపు గొంతుతో.

"అప్పుడది చెట్టే ఫాదర్. ఆయన కింద కూర్చున్నారు. తర్వాత కొట్టేశారు."

నాకు ఒళ్ళు మండింది. అబద్ధమాడినందుకు కాదు. నాకు తెలియని సంగతి ఇంకొకరికి తెలిసినట్టు మాట్లాడినందుకు. అది నాకు ఎప్పుడూ పడదు.

అడవి మొదట్లో ఇంకో బెంచీ వచ్చింది. అందరూ వంతులవారీగా కూర్చుని లేస్తున్నారు. ఎర్విన్ ముద్దు పెట్టుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, జపమాల తిప్పుతున్నాడు. నా బూటు తాడు ఊడింది. కట్టుకోవడానికి వంగాను. బెంచీ చెక్క అడుగున చిన్న రేకు కనిపించింది. కళ్ళజోడు పెట్టుకున్నాను. చూడకుండా ఉండగలిగితే నేను ట్రూడాని ఎందుకవుతాను?

"క్లెమెన్స్ గారూ!" అని కేకేశాను అలా వంగే. "పోపుగారు ఈ బెంచీ మీద ఎప్పుడు కూర్చున్నారన్నారు?"

"డెబ్బై తొమ్మిదిలో, ట్రూడాగారూ. రోము నుంచి మొదటిసారి వచ్చినప్పుడు."

"రేకు మీద రెండువేల తొమ్మిదిలో చేయించినట్టు రాసుందే! ఆయన పోయింది రెండువేల అయిదులో. నేను ప్రాథమిక బడే కాని తీసివేతలు వచ్చు. పోయిన నాలుగేళ్ళకి స్వర్గం నుంచి దిగొచ్చి కూర్చున్నారా?"

అడవి దద్దరిల్లేలా నవ్వారు అందరూ. హిల్డాకి గుడ్డు పొలమారింది. ఫాదర్ నవ్వకూడదని అటు తిరిగాడు కాని ఆయన భుజాలు ఎగురుతున్నాయి. అందరి కళ్ళూ నా వైపు మెచ్చుకోలుగా చూశాయి. నా జన్మలో అంత పెద్ద గెలుపు లేదు.

క్లెమెన్స్ నవ్వలేదు, కోపగించుకోలేదు. గొడుగు కిందికి దించాడు. నా వంక చూడలేదు. ఎర్విన్ వంక చూశాడు. ఎందుకు అటు చూశాడా అని ఒక్క క్షణం అనిపించింది. గెలిచిన ఊపులో వదిలేశాను.

ఎర్విన్ బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. "అయితే కూర్చున్నట్టేగా" అన్నాడు, తనలో తాను. అప్పటిదాకా మొక్కు చెడలేదు, తెలియక కూర్చున్నదానికి పాపం లేదు. ఇకమీదట తెలిసి కూర్చోవడానికి లేదు.

తర్వాతి బెంచీ దగ్గర క్లెమెన్స్ గొడుగు సగం ఎత్తాడు. "ఇక్కడ..."

"ఆ, ఇక్కడ! మోషే కూర్చున్నాడు!" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. ఎవరూ ఆగలేదు. ఇంకో బెంచీ. ఎవరూ ఆగలేదు. అక్కడి నుంచి కొండ ఎక్కాలి. ఫాదర్ పాట ఎత్తుకున్నాడు, మంద అంతా ఉత్సాహంగా ముందుకి పోయింది. ఏళ్ళ తరబడి మమ్మల్ని కట్టేసిన తాడు తెగినట్టు ఎంత వేగంగా నడిచారో!

నేను నాలుగడుగులు వేసి, పక్కన ఎర్విన్ లేకపోతే వెనక్కి చూశాను.

తెల్ల బెరడు భూర్జ చెట్టు ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. పెదాలు నల్లద్రాక్ష రంగులోకి తిరిగాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు. వచ్చిన కాస్తా ఈల వేస్తోంది. అది దగ్గు కాదు. లోపల బొగ్గు గని అంతా కదులుతున్న చప్పుడు.

"కూర్చో! ఎర్విన్, కూర్చో!" అని అరిచాను.

తల అడ్డంగా ఊపాడు. మాట రావడం లేదు కాని వేలితో కొండ మీదికి చూపించాడు. మొక్కు. రెండు రోజుల చీకట్లో దేవుడికిచ్చిన మాట. నేను చెయ్యి పట్టి లాగాను. చెట్టుని వదలలేదు. చచ్చిపోతాడు కాని కూర్చోడు, ఆ మనిషి నాకు తెలుసు. అతన్ని ఇన్నాళ్ళూ కూర్చోబెట్టింది ఏమిటో కూడా ఆ నిమిషానే తెలిసింది. ఆ ఒక్కదాన్నీ పది నిమిషాల కిందట నా చేతులతోనే పీకేశాను.

అప్పుడు కొండ పైనుంచి "అమ్మో! నా మోకాలు!" అని గావుకేక.

క్లెమెన్స్ పరుగున దిగి వస్తున్నాడు. మోకాలు పోయినవాడు అలా పరుగెత్తడం నేనెక్కడా చూడలేదు. సరిగ్గా ఎర్విన్ కాళ్ళ ముందుకి వచ్చి దబ్బున కూలబడ్డాడు. ఎడమ మోకాలు పట్టుకుని అటూ ఇటూ దొర్లాడు.

"పోయిందయ్యా ఎర్విన్! విరిగిందో ఏమో! నన్ను వదిలేసి పోకు!"

ఎర్విన్ చూశాడు.

"గనివాడివి కదయ్యా నువ్వు! కిందపడ్డ మనిషిని వదిలి పోతారా మీ గనివాళ్ళు? ఇదిగో, నా వెనక కూర్చుని పట్టుకో, లేకపోతే వాలిపోతాను!"

కిందపడ్డవాడిని వదిలి రావడం గనిలో లేదు. మొక్కుకన్నా పెద్ద పద్ధతి అది. ఎర్విన్ చెట్టుని వదిలాడు. మెల్లగా గడ్డిలో కూర్చుని క్లెమెన్స్ భుజాలు పట్టుకున్నాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎర్విన్ క్లెమెన్స్‌ని పట్టుకున్నట్టే ఉంటుంది. నేను పక్కనే ఉన్నాను. క్లెమెన్స్ చెయ్యి వెనక్కి తిరిగి ఎర్విన్ వీపుని నిటారుగా నిలిపి ఉంచింది.

"అబ్బా, అబ్బా" అని మూలుగుతూనే ఉన్నాడు క్లెమెన్స్. "నాతో పాటు ఊపిరి తీసుకో ఎర్విన్. నాకు ధైర్యంగా ఉంటుంది. నెమ్మదిగా. ఇంకోసారి. అబ్బా, నొప్పి! ఇంకోసారి."

చాలాసేపు పట్టింది. పెదాల రంగు తిరిగి వచ్చింది. అప్పటికి క్లెమెన్స్ కుడి మోకాలు రుద్దుకుంటున్నాడు.

ఎడమ మోకాలు కదా పోయింది? ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. నా జీవితంలో మొదటిసారి అడగలేదు.

ఆ రోజు ఆ దారిలో ఇంకో పద్నాలుగుసార్లు క్లెమెన్స్ మోకాలు పోయింది. ఎక్కడ బెంచీ ఉంటే అక్కడే పోయింది. ప్రతిసారీ ఎర్విన్ కూర్చుని పట్టుకోవాల్సి వచ్చింది. మధ్యలో ఎర్విన్ మొహం గంభీరంగా పెట్టి, "మీరు వైద్యుడికి చూపించుకోవాలి క్లెమెన్స్ గారూ" అన్నాడు. "చూపించుకుంటానయ్యా, చూపించుకుంటాను. నీకు తెలిసిన వైద్యుడుంటే నువ్వూ తోడు రా" అన్నాడు ఈయన. మిగతావాళ్ళు ఎప్పుడో పైకి చేరి, కిందికి దిగి, బస్సులో కూర్చుని కేకలేస్తున్నారు. మేం ముగ్గురం చివరి మందిరానికి చేరేసరికి పొద్దు వాలింది. ఎర్విన్ లోపలికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించాడు. మొక్కు చెల్లింది.

నేనూ క్లెమెన్సూ బయట నిలబడ్డాం.

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?" అన్నాను.

గొడుగు చివరతో నేల గీస్తూ చెప్పాడు. "పొద్దున గనికి పోయే ట్రామ్ నాదే కదండీ. మొదట్లో ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేవాడు. తర్వాత నడిచి వచ్చాడు. ఆ తర్వాత మాంసం దుకాణం అద్దం దగ్గర ఒకసారి ఆగి వచ్చేవాడు. మరో ఏడాదికి లోదుస్తుల దుకాణం దగ్గర కూడా. నా ట్రామ్ అద్దంలో వెనకదంతా కనిపిస్తుంది. మనిషి ఎక్కడెక్కడ ఆగుతున్నాడో ట్రామ్ నడిపేవాడికి కాక ఎవరికి తెలుస్తుందండీ?"

"అందుకని ఆ కడ్డీ..."

"ఊరికే ఆపితే జనం తిడతారు. ఆయనకీ చిన్నతనం. ఏదో ఒకటి పొడవాలి కదా."

"ఎండాకాలంలో మంచా?"

"అప్పటికి తోచిందదే" అన్నాడు సిగ్గుపడుతూ.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా క్లెమెన్స్ గారూ?"

"మీకు చెబితే వీధికి చెప్పినట్టు, ట్రూడాగారూ. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాను? నిజం. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ముక్కు ఒక్కటే కాబట్టి రెండిటికీ కలిపి ఒకసారి చీదుకున్నాను.

ఊరికి వచ్చాక ఎర్విన్, క్లెమెన్స్ కలిసి వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. క్లెమెన్స్ మోకాళ్ళు రెండూ ఉక్కులా ఉన్నాయన్నాడు ఆయన. ఎర్విన్ సంగతి చెప్పడానికి నన్ను లోపలికి పిలిచాడు. ఇక నేను కిటికీ దగ్గర కూర్చోలేదు. దిండు తెచ్చి ఎర్విన్ వీపు వెనక పెట్టాను. ఊపిరి ఆడాలంటే నిటారుగా కూర్చోవాలి అతనికి. నా మోచేతులకి అరిగి మెత్తబడ్డ దిండు, అతనికి భలే సరిపోయింది.

ఒక మధ్యాహ్నం అడిగాను. "నిజం చెప్పు. ఆ బెంచీలన్నీ నమ్మావా నువ్వు?"

"మొదటి ఏడు నమ్మాను" అన్నాడు. ఊపిరి తీసుకుని, "పెట్రోలు బంకు దగ్గర అనుమానం వచ్చింది. బీరు బెంచీ దగ్గర తెలిసిపోయింది."

"మరి మొక్కు? తెలిసీ ఎందుకు కూర్చున్నావు?"

దిండుకి సర్దుకుని ఆనుకున్నాడు. "ఆయన నా కోసం అంత కష్టపడి అబద్ధమాడుతుంటే... లేచి నిలబడితే ఏం మర్యాదే? అక్కడిదాకా దేవుడే సర్దుకుంటాడనుకున్నాను. నువ్వు నలుగురిలో చెప్పాక సర్దుకోవడం దేవుడికీ కష్టమయింది."

అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు నన్ను. డిసెంబరులో, గనివాళ్ళని కాపాడే తల్లి పునీత బార్బరా పండగ వెళ్ళిన తొమ్మిదో రోజున, ఆ దిండుకి ఆనుకునే పోయాడు.

గనివాళ్ళ బాజా వచ్చింది. నల్ల టోపీల మీద ఈకలు గాలికి వణికాయి. శ్మశానంలో గుంట దగ్గర నిలబడ్డాను. పక్కన ఒక బెంచీ ఉంది. వెనకాల క్లెమెన్స్ నిలబడి ఉన్నాడు. గొడుగు ఎత్తుతాడేమో అనుకున్నాను. నా చెవి దగ్గరికి వంగి, "ఇక్కడ ఎవరూ కూర్చోలేదు ట్రూడాగారూ. మీరు కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను.

మే నెల వచ్చింది. నేను రానన్నాను. "రాకపోతే గుడ్లు ఎవరితో పంచుకోను?" అని హిల్డా లాక్కెళ్ళింది. హిల్డా ఇన్నేళ్ళలో ఎవరితోనూ గుడ్డు పంచుకున్నట్టు నేనెరగను.

ఆ ఏడు యాత్ర లాంటి దరిద్రపు యాత్ర లేదు. క్లెమెన్స్ మారిపోయాడు. గొడుగు చంకలో పెట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఫలానా ఏట పుట్టారు, ఫలానా బడిలో చదివారు. అంతా నిజం. నిజం వింటూ జనం ఆవలించారు. వడొవిట్సెలో హిల్డా ఒక్క కేకే తింది.

కల్వారియాలో నడక మొదలయింది. బెంచీలు ఒకటొకటే వెనక్కి పోతున్నాయి. ఎవరూ కూర్చోవడం లేదు. నాకు చూపు ఆనలేదు, ప్రతి చెట్టూ ఎర్విన్ పట్టుకున్న భూర్జ చెట్టులాగే ఉంది. తల తిప్పుకుని క్లెమెన్స్‌ని చూశాను. చూడటం నాకు అలవాటు కదా. ఈసారి సరిగ్గా చూశాను.

కుంటుతున్నాడు. ఎడమ కాలు. కాసేపటికి మళ్ళీ చూశాను. ఎడమ కాలే. మారలేదు. మొహం మీద చెమట. పోయిన ఏడు పదిహేనుసార్లు దబ్బు దబ్బున నేల మీద పడ్డాడే, ఉక్కు మోకాలు నిజంగానే పోయింది. చెబితే నమ్మేదెవరు? ఆ మోకాలి కథ బస్సులో అందరికీ ఏడాది పొడుగునా నవ్వులాట. అందుకని పళ్ళు బిగబట్టి నడుస్తున్నాడు పిచ్చి మనిషి.

అడవి మొదట్లో బెంచీ వచ్చింది. అదే బెంచీ. అడుగున రేకుంది.

నేను వెళ్ళి ఆయన చంకలోంచి గొడుగు లాక్కున్నాను. పైకెత్తాను.

"ఆగండాగండి! టోపీలు తియ్యండి! ఈ బెంచీ మీదే కూర్చున్నారు!"

నలభై మందీ ఒకరి మీద ఒకరు పడి ఆగారు. ఫాదర్ బార్టొష్ ఆకాశం వంక చూశాడు.

"ఏ ఏట, ట్రూడాగారూ?" అన్నాడు క్లెమెన్స్.

"రెండువేల తొమ్మిదిలో."

"అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు కదండీ?"

"పైన అంతసేపు నిలబడితే కాళ్ళు లాగవూ? నోరు మూసుకుని కూర్చోండి."

హిల్డా అందరికన్నా ముందు టోపీ తీసింది. ఫాదర్ నోరు తెరిచాడు. క్లెమెన్స్ కాలి వంక చూశాడు, నా వంక చూశాడు, నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఫాదరే ముందుకొచ్చి, వంగి, బెంచీ చెక్కని ముద్దు పెట్టుకున్నాడు.

క్లెమెన్స్ మెల్లగా కూర్చున్నాడు. కాలు చాపి, ఇంత పొడుగు ఊపిరి వదిలాడు. నేను పక్కన కూర్చున్నాను, మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి.

"ఒక్కరే కూర్చున్నారా ఆయన?" అని అడిగాడు కాసేపటికి, ఆ చోటు వంక చూస్తూ.

"లేదు. పక్కన ఎర్విన్ ఉన్నాడు."

"ఏ పుస్తకంలో ఉందండీ అది?"

"పుస్తకంలో ఎందుకు, నేనే చూశాను" అన్నాను. "కిటికీలోంచి."